ఫ్రిడ్జి ముందు చెప్పులు

‘చెప్పులేసుకోని ముట్టుకో బిడ్డా’ అన్నాను. అంతే అన్నాను. అవతల అనిత నవ్వి ‘సరే చాచా’ అని ఫోన్ పెట్టేసింది. ఇవతల నా చాయ్ చల్లారిపోతోంది, పెద్దవంగర మీదుగా తొర్రూరు పోయే బస్సు జనగామ బస్టాండులో ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది, నేను గ్లాసు బల్ల మీద పెట్టి పరుగెత్తాను. ఇంకా ఏడు కాలేదు. దేవరుప్పులలో ఒక ఫంక్షన్ హాలుకు లైట్లు బిగించే పని. బస్సు నిండా ఆడవాళ్లు, చేతుల్లో ఆధార్ కార్డులు, తలల మీద శాలువాలు. నాకు దొరికింది వెనక చక్రం మీది సీటు, మోకాళ్లు గడ్డానికి తగిలే సీటు. ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్ని, ఆ చెప్పుల మాట ఎన్ని ఇళ్లలో అన్నానో నాకే గుర్తులేదు. ఫ్రిడ్జి చురుక్కుమంటోంది హైదర్ భాయ్ అంటారు, చెప్పులేసుకోండి అంటాను. వాషింగ్ మిషన్ జుమ్మంటోంది అంటారు, చెప్పులేసుకోండి అంటాను. మా ఊళ్లో ఏ ఇంటికైనా పోయి చూడండి, అందరి చెప్పులూ గుమ్మం బయటే ఉంటాయి, ఫ్రిడ్జి ముందు మాత్రం ఒక జత ఉంటుంది, అరిగిపోయిన హవాయి చెప్పులు. కాళ్లు కడుక్కోకుండా వంటింట్లోకి రానివ్వని ముసలమ్మలు కూడా ఆ జతను ఏమీ అనరు. మా ఆవిడ గౌసియా బేగం అయితే కిందికి చూడకుండానే ఆ నీలం పట్టీల్లో కాళ్లు దూరుస్తుంది, పాలగిన్నె తీస్తుంది, తలుపు వేస్తుంది, కాళ్లు బయటికి తీసుకుంటుంది. అట్లా అలవాటైపోయింది అందరికీ.

బస్సు గేరు మార్చి రోడ్డెక్కాక ఒక రైతు నడిమి దారిలో తెల్లటి ప్లాస్టిక్ పైపులు పొడుగ్గా పరిచాడు, పంచె పేలికతో కట్ట కట్టి. కండక్టరమ్మ ఊరుకుంటుందా, ‘గిది బస్సా, ట్రాక్టరా? మనుషులు నిలబడ జాగ లేదు, నీ పైపులకు సీటు గావాల్నా?’ అని మొదలుపెట్టింది. ఆయన నవ్వుతూనే ‘జర అడ్జస్ట్ చేస్కో అక్కా, దేవరుప్పుల రాంగనే దిగిపోత’ అన్నాడు. ఒక పైపు చివర నా మోకాలికి ఆనింది. డిసెంబరు పొద్దు, కిటికీ అద్దం మూసుకోదు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అయినా ఆ పైపు చల్లగా లేదే అనుకున్నాను. ఇనుపదైతే ఈ చలికి ఎముక దాకా జివ్వుమనేది. ప్లాస్టిక్ కదా, చల్లదనాన్ని తేదు. వేడినీ తేదు. దేన్నీ అటు నుంచి ఇటు రానివ్వదు, ఇటు నుంచి అటు పోనివ్వదు. కరెంటును కూడా.

అనిత ఫోన్లో ముందుగా చెప్పింది ఆ సంగతే కదా. ‘చాచా, నిన్న బాపు పాత ఇనుప పైపు పీకిచ్చిండు, తెల్లయి ఏయించిండు, గీజర్ల నీళ్లు ఇప్పుడు మంచిగొస్తున్నయ్’ అంది. వెంటనే ‘నిన్నటి సంది ఫ్రిడ్జి ముట్టుకుంటె చీమ కుట్టినట్టు అయితంది’ అంది. ఆ వెంటనే ‘తొమ్మిది బస్సుకు భూపాలపల్లి పోవాలె, డ్యూటీ ఉన్నది, పోయేముందు అవ్వకు తలకు పోసి పోత’ అంది. మూడు మాటలూ నా చెవిలోనే పడ్డాయి. నేను విన్నది నడిమి మాట ఒక్కటే, దానికి నా నోట్లో జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మా నాయన అనేవాడు, ఆయన తగాదాల గురించి అనేవాడు, ఇట్లాంటి దానికి కూడా పనికొస్తుందని నాకు తెలియదు.

ఆ ఇంటికి వైరింగు చేసింది నేనే, పదిహేనేళ్ల కింద, అనిత అప్పుడు బడికి పోయే పిల్ల. వాళ్ల నాయన అమర్‌సింగ్ పత్తి బండితో జనగామ మార్కెట్‌కు వచ్చేవాడు, మోటారు స్టార్టరు కాలిపోతే నా దగ్గరికి తెచ్చేవాడు, అట్లా దోస్తీ. బోడగుట్ట తండాలో రెండు గదులు స్లాబు వేసుకుంటే నన్నే పిలిచాడు. ఎర్తింగుకు గుంత తవ్వాలి, ఉప్పూ బొగ్గూ పోయాలి, ఎండాకాలం నీళ్లు పోస్తుండాలి, అది నాకు తెలియక కాదు. గడ్డపార వేస్తే నిప్పులు రాలాయి, గుట్ట కింది నేల, అంతా రాయే. పెరట్లో బోరు ఉంది. ఇనుప కేసింగు, దాని నుంచి ఇనుప పైపు బాత్రూం గోడ దాకా వచ్చి నల్లాలో కలిసింది. ‘ఇంతకంటే మంచి ఎర్త్ ఏడ దొరుకుతది సింగన్నా, పాతాళం దాక పోయిన ఇనుము’ అన్నాను. ఇంటి ఎర్త్ వైరంతా తెచ్చి ఆ నల్లా దగ్గర పైపుకు పట్టీ వేసి బిగించాను. ఆ ఎర్త్ మీదే బల్బు పెట్టి చూపించాను, పెళ్లిపందిట్లో వెలిగినట్టు వెలిగింది. మా తరం మేస్త్రీలం అందరం ఇట్లాగే చేశాం, మా ఉస్తాదు కూడా చేశాడు. పైపు భూమిలో ఉన్నంత కాలం ఏ సామానులోంచి కరెంటు కారినా దాన్ని పట్టుకుని లోపలికి పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. నిన్న ఆ పైపు తీసేశారు. నల్లా ముక్క మాత్రం గోడలోనే ఉండి ఉంటుంది, నా వైరు కూడా దానికే ఉండి ఉంటుంది, పైపులు మార్చేవాడికి ఆ ఆకుపచ్చ వైరుతో పనేముంది? ఇక ఫ్రిడ్జిలోంచి కారే కరెంటు ఆ వైరు వెంట వచ్చి నల్లాకూ గీజరు డబ్బాకూ చేరుతుంది. అక్కడి నుంచి పోయే దారి లేదు. ఎవరైనా తడిచేత్తో నల్లా పట్టుకుంటే ఆ మనిషే దారి.

ఫోన్ తీసి అనితకు చేశాను. రింగు అయి అయి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అమర్‌సింగ్‌కు చేశాను, ఆయన మిర్చితోటకు నీళ్లు పెట్టేందుకు పోతే ఫోన్ ఇంట్లో దేవుడి అరలో పెట్టిపోతాడు, బురదలో పడుతుందని. అది కూడా అక్కడ మోగి మోగి ఊరుకుని ఉంటుంది. పక్కింటివాళ్ల నంబరు నా దగ్గర ఎందుకుంటుంది? పైపుల రైతు నా మొహం చూసి ‘ఏమైందన్నా, ఇంట్ల ఎవరికన్న బాగలేదా?’ అన్నాడు, నేను తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో.

పోయిన ఆదివారమే గీజరు బిగించాను. అనిత తన జీతంతో కొన్నది, అవ్వ కోసం. వాళ్ల నాయనమ్మ లచ్చి వానాకాలంలో చేనుగట్టు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది, లోపల స్టీలు కడ్డీ వేశారు, పొయ్యి దగ్గర కూర్చుని నీళ్లు కాచుకోలేదు, కట్టెల పొగకు కళ్లు మండుతాయి. ఆ రోజు నేను ఏ పనీ తక్కువ చేయలేదు, అది మాత్రం గుండె మీద చేయి వేసుకుని చెప్పగలను. బోర్డు నుంచి దానికని విడిగా మందపాటి వైరు లాగాను, విడిగా ట్రిప్ స్విచ్చు పెట్టాను. ఇటుక గోడకు నిండా బోల్టులు దింపాను, నీళ్లు నిండితే ఎంత బరువు ఉంటుందో తెలుసు కాబట్టి. ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు వదిలే వాల్వుకు గొట్టం పెట్టి బయటికి తీశాను. డబ్బా నిండి వేడినీళ్ల నల్లాలోంచి ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి, లేకపోతే లోపలి కడ్డీ మాడుతుందని అనితకు రెండుసార్లు చెప్పాను. వేడి కాగానే స్విచ్ బంద్ చేయాలి, ఆ తరవాతే లోపలికి పోవాలి అన్నాను. అన్నీ చెప్పాను. ఇప్పుడు ఆ స్విచ్ బంద్ చేసినా లాభం లేదు, ఎర్త్ వైరుకు స్విచ్చు ఉండదు కదా. ఒక్కటి చేయలేదు, ఎక్కడ కాస్త కరెంటు కారినా తనంతట తాను తెగిపోయే డబ్బా ఒకటుంటుంది, అది పెట్టలేదు. పాత ఇళ్లలో అది పెడితే రోజుకు నాలుగుసార్లు పడి కరెంటు పోతుంది, పడ్డప్పుడల్లా నాకే ఫోను, ఏం మేస్త్రీవయ్యా నువ్వు అని తిట్లు. పడుతోందంటే ఇంట్లో ఎక్కడో కారుతోందని అర్థం, అది వెతకాలంటే పూట పడుతుంది. ఎర్తింగు బాగుంది కదా, తరవాత చూద్దాంలే బిడ్డా అన్నాను.

లచ్చవ్వ ఆ రోజంతా మంచంలో కూర్చుని నా పనే చూసింది. గీజరు మీద ఎర్ర లైటు వెలగగానే ‘ఇది కరుస్తదా?’ అని అడిగింది. ఆమె తెలుగు తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిందంటే సూటిగా మాట్లాడుతుంది. ‘కరవదవ్వా, నాది జిమ్మా’ అన్నాను. నాది జిమ్మా. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ పూచీ మాట కూడా.

కరుణాకర్. లైన్‌మన్ కరుణాకర్ పెద్దవంగర దిక్కునే తిరుగుతాడు. ఎప్పుడో స్తంభం దగ్గర గొడవ పడ్డాం, నంబరు మాత్రం ఉంది. నాలుగో రింగుకు ఎత్తాడు. ‘కరుణాకరన్నా, నేను హైదర్‌ను, జనగామ. బోడగుట్ట తండాకు కరెంట్ తియ్యే, ఇప్పుడే, నీ కాళ్లు మొక్కుత’ అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. ‘ఎందుకే? ఎవడన్న స్తంభమెక్కిండా? పైన సారును అడగకుంట ఊరికె తీస్తే నా నౌకరి ఉంటదా?’ అన్నాడు. చెప్పాను. పైపు సంగతి చెప్పాను, ఫ్రిడ్జి సంగతి చెప్పాను, ముసలామె తలస్నానం సంగతి చెప్పాను. ‘నా తప్పేనే. నేను చేసిన ఇల్లే’ అన్నాను. అటు టీకొట్టులో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ‘చూస్త’ అని పెట్టేశాడు. చూస్త అంటే మా దిక్కున చేస్తానని కావచ్చు, ఇక మర్చిపొమ్మని కూడా కావచ్చు.

నా తప్పేనే. ఈ ముప్పై ఏళ్లలో ఆ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదలనుకుంటాను. సారక్క చచ్చిపోయిన రోజు రాలేదు. మార్కెట్ గేటు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేది సారక్క, పత్తి తెచ్చిన రైతులంతా ఆమె దగ్గరే తినేవాళ్లు, నన్ను తమ్మీ అనేది, రొట్టె మీద ఒక కారంముద్ద ఎక్కువే పెట్టేది. బకెట్లో నీళ్లు కాచే కడ్డీ పెట్టి, కాగాయో లేదో చూద్దామని వేలు ముంచింది. నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఎట్లయింది హైదర్, ఎట్లయింది అని అందరూ నన్నే అడిగారు, కరెంటు తెలిసినవాణ్ని నేనే కదా. ‘స్విచ్ బంద్ చెయ్యకుంట చెయ్యి పెట్టింది’ అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ ఇంటి వైరింగు కూడా నాదే. ఆ ప్లగ్గులో మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఎర్త్ కావాలని ఎవరూ అడగలేదు, నేను వేయలేదు. ఆ సంగతి ఆ రోజు వాకిట్లో నాకొక్కడికే తెలుసు. ఆమె భర్త ఇప్పటికీ కనిపిస్తే అంటుంటాడు, ‘నా పెండ్లాం ఆగమాగం మనిషి హైదర్, స్విచ్ బంద్ చెయ్యాలని గూడ తెల్వకపాయె’ అని. నేను తల ఊపుతాను. ఇరవై ఏళ్లుగా ఊపుతున్నాను. చచ్చిపోయిన మనిషి మీద వేసిన తప్పు ఆమె మీదే ఉండిపోయింది, తీసేవాళ్లు ఎవరూ లేరు, తీయగలిగినవాణ్ని నేను చాయ్ తాగుతూ తిరుగుతున్నాను.

దేవరుప్పుల వచ్చింది. పైపుల రైతు దిగాడు, ‘జర పైలం అన్నా’ అన్నాడు ఎందుకో. కండక్టరమ్మ ‘ఓ సాయబూ, నీ స్టేజీ ఇదే గదా’ అంది. ‘పెద్దవంగర దాటినంక బోడగుట్ట తండా కాడికి ఇయ్యమ్మా’ అన్నాను. ఆమె టికెట్ కొడుతూ నన్ను ఎగాదిగా చూసింది, డ్రైవరు దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆ తరవాత రెండు స్టేజీల్లో బస్సు పూర్తిగా ఆగకుండానే జనాన్ని ఎక్కించుకున్నాడు ఆయన, ఒక ముసలాయన తిట్టాడు కూడా. నా ఫోన్ మాటలన్నీ బస్సంతా విన్నట్టుంది. ఎవరో ఒకామె నీళ్ల సీసా చేతికిచ్చింది. తాగలేకపోయాను. నీళ్లు చూస్తే లచ్చవ్వ చేయి కనిపిస్తోంది, వెండి కడియాలున్న చేయి, నల్లా మీదికి పోతున్న చేయి. పొడి వేలికి చీమ కుట్టినట్టు అనిపించేది తడి ఒంటికి అట్లా ఉండదు. అనిత ముందు తడిచేత్తో బకెట్ పెడుతుందా? నర్సు పిల్ల, ఎంతమందికో ఇంజెక్షన్లు ఇచ్చే చేతులు. ఎవరు ముందు ముట్టుకుంటారు? ఈ ప్రశ్న ఎవరైనా వేసుకోవచ్చా? యా అల్లా, నల్లా బిగుసుకుపోయి ఉండాలి, నీళ్లు రాకుండా ఉండాలి, ఆ పైపులు వేసినవాడు ఏదో ఒకటి చెడగొట్టి ఉండాలి. పనిమంతుడి పని చెడిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. కొడకండ్ల దాటాక వరినారు మళ్ల మీద మంచు ఇంకా లేవలేదు, ఎదురుగా పత్తి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి నింపాదిగా వస్తోంది, దానికేం తొందర.

తండా స్టేజీలో దూకినట్టే దిగాను. రోడ్డు పక్కనే ట్రాన్స్‌ఫార్మరు. దాని గద్దె మీద కరుణాకర్ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో మూడు తెల్లటి ఫ్యూజులు, చుట్టూ పది మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు, అందరూ ఒకేసారి తిడుతున్నారు. ఫ్యూజులు తీసి పోతే వీళ్లే కర్రతో మళ్లీ పెట్టేసుకుంటారని కదలకుండా కాపలా కూర్చున్నాడు ఆ మనిషి. ‘ఎప్పుడు తీసినవే?’ అన్నాను. ‘గడియారం చూసుకుంట తీస్తరానే? నువ్వు ముందు ఆ ఇంటికి ఉరుకు’ అన్నాడు. యాభై నాలుగేళ్ల కాళ్లు, ఎత్తు దారి, ఉరికాను. వాకిట్లో ఎవరూ లేరు. ఏడుపు వినిపించలేదు. ఏడుపు లేకపోవడం మంచికా చెడుకా అని ఆలోచిస్తూనే మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను, ఫ్యూజులు లేకపోయినా సరే. ‘అనితా’ అని అరిచాను.

‘ఏంది చాచా, నువ్వొచ్చినవేంది?’ బాత్రూంలోంచి అనిత బయటికి వచ్చింది, చేతులు మోచేతుల దాకా నూనె. ‘ఇగ జూడు, స్విచ్ ఏసి పది నిమిషాలు గాలే, కరెంట్ పాయె. నీళ్లు గోరువెచ్చన గూడ గాలే. నా బస్సు పోతదని నేను, కరెంట్ రానీ అని అవ్వ.’ నా ఫోన్లు చూడలేదట, ఫోన్ సైలెంట్లో పెట్టి బ్యాగులో సర్దేసిందట. నేను ఆమెను జరిపి లోపలికి చూశాను. లచ్చవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, నెత్తి నిండా నూనె, వెండి కడియాలున్న చేతులు ఒళ్లో. నల్లా ఆమె మోకాలికి జానెడు దూరంలో ఉంది. దాని మెడకు నా పట్టీ, నా ఆకుపచ్చ వైరు. గోడ అవతల తెల్ల పైపు. అంతా నేను బస్సులో అనుకున్నట్టే ఉంది, ఒక్కటి తప్ప. ఆమె కాళ్లకు చెప్పులున్నాయి. బాత్రూంలో, తలస్నానానికి కూర్చున్న మనిషికి, నీలం హవాయి చెప్పులు.

‘నువ్వే చెప్పినవ్ గద’ అంది అనిత, నేను అటే చూస్తుంటే. ‘గిన్నిట్ల కరెంటున్నదాయె, ముందుజాగ్రత్తకు అవ్వకు గూడ తొడిగిన.’

కింద కూర్చుండిపోయాను, తడి నేల మీదే. తడిస్తే ఆ చెప్పులు దేనికీ అడ్డు రావు, ఆ సంగతి నాకు తెలుసు, ఆ పిల్లకు తెలియదు. నేను చెప్పిన మాటను ఆమె ఎంత భద్రంగా దాచుకుని, వంగి, ఆ వాచిన పాదాలకు తొడిగిందో తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరం కలిసి అవ్వను కుర్చీతో సహా వాకిట్లోకి మోసుకొచ్చాం. కరుణాకర్‌కు ఫోన్ చేసి ఫ్యూజులు పెట్టమన్నాను, అందరినీ దూరంగా నిలబెట్టి, మెయిన్ వేసి, టెస్టరు కొన నల్లాకు ఆనించాను. వెలిగింది. ఫ్రిడ్జి ప్లగ్గు పీకి వచ్చి మళ్లీ ఆనించాను. వెలగలేదు. మళ్లీ మెయిన్ తీసేశాను. అనిత నా పక్కకు వచ్చి ఆరిన టెస్టరు వైపు చూస్తూ నిలబడింది, నర్సు కదా, నేను విడమరచి చెప్పనక్కర లేకపోయింది, చేతుల నూనె చున్నీకి తుడుచుకుంటూ ఉండిపోయింది. అయినా చెప్పాను. ‘తప్పు నాది బిడ్డా. చెప్పులేసుకోమనుడు తప్పు. పాత పైపుకు ఎర్త్ కట్టుడు తప్పు. అవ్వా, కరవదని చెప్పిన గదా, ఇయ్యాల కరుస్తుండె.’ గుట్ట కింద రాయి లేని చోటు వెతికి ఇవ్వాళే గుంత తవ్వుతానని, ఆ తెగిపడే డబ్బా పెట్టి అది ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు వచ్చి ఎక్కడ కారుతోందో వెతుకుతానని, అప్పటి దాకా నీళ్లు పొయ్యి మీదే కాయమని, ఏదేదో చెబుతున్నాను. జనగామ పోయాక సారక్క ఇంటికి పోవాలి అని కూడా అన్నాను, ఆమె ఎవరో వాళ్లకు తెలియదు.

లచ్చవ్వ అంతా విని, వాళ్ల భాషలో అనితను ఏదో అడిగింది. అనిత నవ్వబోయి ఆగింది.

‘ఏమంటంది?’ అన్నాను.

‘మీ ఇంట్ల ఫ్రిడ్జి ముందల గూడ చెప్పులుంటయా అని అడుగుతంది చాచా.’

నేను లేచి వాకిట్లో ఒక పక్కకు పోయి ఫోన్ తీశాను. చిరాగ్ తలే అంధేరా, దీపం కిందే చీకటి అని గౌసియా నన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో, మా ఫ్రిడ్జి చురుక్కుమనే సంగతి చూడమని ఎన్ని ఏళ్లుగా అడిగిందో, నేను ఎప్పుడూ ఆదివారం అంటూ వచ్చాను. రెండో రింగుకే ఎత్తింది.

‘మెయిన్ బంద్ చెయ్, ముందు బంద్ చెయ్, తర్వాత మాట్లాడు’ అన్నాను.

‘ఎందుకింత పరేషాన్ అయితున్నవ్?’ అంది గౌసియా. ‘నేను చెప్పులేసుకునే ఉన్న గదా.’